ఊరి ఆదాయ వ్యయాలు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకుముందే శాస్త్రులుగారు పంచాంగ శ్రవణం చేశారు. పన్నెండు రాశులవారికీ ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నీ చదివి వినిపించారు. నా రాశికి ఆదాయం కంటే వ్యయమే ఎక్కువని తేలినప్పుడు వెనుక వరుసలో మా ఇంటావిడ నవ్వడం నాకు ఇక్కడిదాకా వినబడింది. రైల్వే గుమాస్తా జాతకం చెప్పడానికి పంచాంగమే అక్కరలేదనుకోండి. అయితే శాస్త్రులుగారు రాశిఫలాలకు ముందు మరొక లెక్క చదివారు. ఈ యేడు వాన ఎన్ని కుంచాలు, అందులో సముద్రం మీద ఎన్ని భాగాలు, కొండల మీద ఎన్ని, భూమి మీద ఎన్ని అన్న లెక్క. ఆ సమయానికి మనలో సగంమంది ఉగాది పచ్చడి దగ్గర ఉన్నాము. ఈ పూట నేను మాట్లాడదలచింది మనం వినకుండా వదిలేసిన ఆ లెక్క గురించే.

నేను పండితుణ్ణి కాను, ఇంజనీరును కాను. మెట్రిక్ పాసై, రైల్వేలో ఇంజనీరింగు విభాగంలో గుమాస్తాగా చేరినవాణ్ణి. ఇంజనీర్లు కొలిచి తెచ్చిన అంకెలను రిజిస్టర్లలో ఎక్కించడం నా పని. కనుక కొలత అనేదానితో నాకు పన్నెండేళ్ళ పరిచయం ఉన్నది. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఏదైనా పనికివచ్చే విషయం మాట్లాడవయ్యా, కవులు ఇద్దరున్నారు, చాలు" అన్నారు. ఆ ధైర్యంతో నిలబడ్డాను.

మన బెంగళూరుకు ఏటా సగటున తొంభై నుంచి నూరు సెంటీమీటర్ల వాన పడుతుంది. తొంభై ఐదు అనుకుందాం. మన ఊళ్ళో మధ్యతరగతివాడి కల ఏమిటి? ముప్పై అడుగులు, నలభై అడుగుల సైటు. దాని వైశాల్యం సుమారు 111 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ గుణకారం ఎవరైనా చేయగలరు. ఏడాదికి ఆ ఒక్క సైటు మీద పడే నీరు లక్షా అయిదువేల లీటర్లు. మన దేశంలో పట్టణ నీటి పథకాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్క వేస్తారు. నలుగురున్న ఇంటికి ఏడాదికి రెండు లక్షల లీటర్ల లోపు. అంటే సంవత్సరంలో సగం రోజులకు సరిపడే నీరు దేవుడు మన మిద్దెమీదనే పోస్తున్నాడు. మనం దాన్ని గొట్టంతో వీధిలోకి వదిలి, ఏప్రిల్ నెలలో ట్యాంకరువాడికి ఫోను చేస్తున్నాము.

ఊరు మొత్తానికి చూద్దాం. 2025లో ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టేవరకు ఉన్న మహానగర పాలికె విస్తీర్ణం 741 చదరపు కిలోమీటర్లు. దాని మీద పడే వాన సుమారు 25 టి.ఎం.సి. కావేరి నుంచి 2024 దాకా వస్తూ ఉండిన నీరు రోజుకు 1450 మిలియన్ లీటర్లు. ఏడాదికి కూడితే 19 టి.ఎం.సి.లకు కొంచెం తక్కువ. 2024 అక్టోబరులో అయిదో దశ ప్రారంభించి మరో 775 మిలియన్ లీటర్లు కలిపారు. దానితో 28, 29 టి.ఎం.సి.ల దాకా వస్తుంది. నూరు కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అరకిలోమీటరు ఎత్తు ఎక్కించి తెచ్చుకుంటున్న నీరు ఎంతో, మన నెత్తిమీద ఊరకనే పడుతున్న నీరు కూడా ఇంచుమించు అంతే. పడిన వాన అంతా పట్టుకోగలమని నేననడం లేదు. కొంత ఆవిరవుతుంది, కొంత ఇంకుతుంది. ఇంకడమూ ఆదాయమే గదా! ఇంకే నేల ఉంటే.

ఈ మధ్య పత్రికల్లో 'సుస్థిరాభివృద్ధి' అని ఒక పెద్ద మాట తరచు కనబడుతున్నది. 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన అర్థం ఏమిటంటే, మన అవసరాలు తీరాలి, అయితే మన పిల్లల అవసరాలకు గండి పడకూడదు అని. మన ముసలమ్మలు విత్తనాల గాదెను తాళం వేసి ఉంచింది ఈ సూత్రం ప్రకారమే. 2015లో ప్రపంచ దేశాలన్నీ కలిసి పదిహేడు లక్ష్యాలు పెట్టుకున్నాయి. పదకొండోది నగరాల గురించి. వాటిని కొలవడానికి సూచికలు తయారుచేశారు. అందులో ఒకటి నాకు బాగా నచ్చింది. ఊరు నేలను ఆక్రమిస్తున్న వేగాన్ని, జనం పెరుగుతున్న వేగంతో భాగిస్తారు. ఒకటికి మించి వస్తే జనం కంటే వేగంగా నేల ఖర్చవుతున్నదని అర్థం. సంసారి లెక్క. 1951 జనాభా లెక్కల్లో ఎనిమిది లక్షలకు కొంచెం తక్కువగా ఉన్న బెంగళూరు, 2011 నాటికి 84 లక్షలయింది. ఇంత జనానికి నేల కావలసిందే. కాని ఖర్చయిన నేల మెరకా, పల్లమా, చెరువు కడుపా అన్నది మాత్రం ఆ భాగహారానికి తెలియదు.

మరొక సూచిక ఉన్నది. కట్టడాల మధ్య ప్రజలందరికీ తెరిచి ఉన్న ఖాళీ జాగా ఎంత శాతం అని. మంచిదే. కాని ఎండిన చెరువును మైదానం చేస్తే ఈ సూచిక తగ్గకపోగా పెరుగుతుంది! నేను రోజూ దిగే మన సిటీ రైల్వే స్టేషను ఎదుట కెంపేగౌడ బస్‌స్టాండు ఉన్నది గదా, అది ధర్మాంబుధి చెరువు. పేరు చూడండి, ధర్మపు సముద్రం. ఊరి దాహం తీర్చిన చెరువు ఎండి మైదానమయింది, సభలు జరిగాయి, ఆ తరువాత బస్సులు వచ్చాయి. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. దానిలో ఒక మూల చిన్న కుంట మాత్రం కరగ ఉత్సవం కోసం మిగిల్చారు. దేవుడి పని ఉన్నది కనుక ఆ మాత్రమైనా మిగిలింది.

చెరువులు పోయినకొద్దీ నీటి కోసం ఊరు దూరం నడిచింది. 1894లో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్ళి, 1974లో కావేరి. ఊళ్ళో చెరువు నుంచి నూరు కిలోమీటర్ల దాకా వెళ్ళాము. నీళ్ళ కోసం ఎంత దూరం పోతున్నావని ఒక ఊరిని అడిగితే ఆ ఊరి సంసారం ఎలా సాగుతున్నదో తెలిసిపోతుందని నా అభిప్రాయం. సూచికలు తయారుచేసే పెద్దలు దీన్నీ చేర్చితే బాగుండును.

ఇక్కడ ఒక విచిత్రం మనవి చేస్తాను. 2021 మార్చిలో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 'సులభ జీవన సూచిక' ప్రకటించింది. పది లక్షలు మించిన జనాభా ఉన్న నగరాలలో మన బెంగళూరుకు మొదటి స్థానం. మా ఆఫీసులో మిఠాయి కూడా పంచుకున్నాము. సంవత్సరంన్నర తిరిగేసరికి, 2022 సెప్టెంబరు అయిదో తేదీ తెల్లవారేసరికి ఇరవైనాలుగు గంటల్లో పదమూడు సెంటీమీటర్ల వాన పడింది, తూర్పు బెంగళూరులో కోటీశ్వరుల ఇళ్ళ ముందు ట్రాక్టర్లూ పడవలూ తిరిగాయి. మరి ఏడాదిన్నరకు, 2024 వేసవిలో, సుమారు పద్నాలుగు వేల ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. మొదటి స్థానం, వరద, కరువు అన్నీ మూడేళ్ళలోనే. ఆ సూచిక అబద్ధమని నేననను. అందులో జీవన నాణ్యత, ఆర్థిక సామర్థ్యం, సుస్థిరత, ప్రజల అభిప్రాయం అని నాలుగు పద్దులున్నాయి. నాలుగూ కలిపి ఒకే అంకె చేశారు. మన పంచాంగకర్తలు ఈ విషయంలో తెలివైనవారు. రాజపూజ్యాన్నీ అవమానాన్నీ విడివిడిగానే చెప్తారుగాని కూడి ఒక్క అంకెగా చెప్పరు. జీతం పెరిగి నీళ్ళు తగ్గితే, సగటు మాత్రం చక్కగానే ఉంటుంది.

మరి పాతవాళ్ళు ఎలా కొలిచారు? మా ఆఫీసులో కడప జిల్లా మిత్రుడొకడు పోరుమామిళ్ళ చెరువు శాసనం గురించి చెప్పగా పుస్తకం తెప్పించుకొని చూశాను. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరో పేరు, ఆ చెరువు కట్టించాడు. వెయ్యిమంది మనుషులు, నూరు బండ్లు, రెండు సంవత్సరాలు పట్టిందట. శాసనం సంస్కృతంలో ఉన్నది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని, ఆరు దోషాలు ఉండరాదని అందులో చెప్పారు. పన్నెండు అంగాలలో ధర్మపరుడైన రాజు ఒకటి, నీటి శాస్త్రం తెలిసినవాడు ఒకటి, గట్టి నేల ఒకటి, పొడుగాటి రాళ్ళు దొరికే గని ఒకటి, పని తెలిసిన కూలిజనం ఒకటి. రాజునూ కూలిజనాన్నీ ఒకే పట్టికలో వేశారన్నది గమనించండి.

దోషాలే నాకు మరింత ఆశ్చర్యం కలిగించాయి. కట్టలో నీరు ఊరడం, చౌటినేల, చెరువు మధ్యలో మెరక ఉండడం, ఇవి ఎవరికైనా తట్టేవే. నీరు కొంచెమై నేల విశాలం కావడం ఒక దోషం, నేల కొంచెమై నీరు ఎక్కువ కావడం మరో దోషం. 2024 వేసవినీ 2022 వరదనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇక ఆరో దోషం, రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు ఉండడం. ఎందుకు దోషం? ఎవడి చెరువో తెలియకపోతే ఎవడూ పూడిక తీయడు. ఇప్పుడు మనకు రాజ్యాలు లేవు, శాఖలున్నాయి. నీరు ఒక శాఖది, చేపలు ఒక శాఖవి, గట్టు ఒకరిది, అందులోకి వచ్చే మురుగు ఇంకొకరిది. మన బెళ్ళందూరు చెరువు సుమారు తొమ్మిది వందల ఎకరాలు, ఊళ్ళోకెల్లా పెద్దది. 2015లో, 2017లో, 2018లో దాని మీద మంటలు లేచాయి. నీళ్ళ మీద నిప్పు పుట్టడం పురాణాల్లో విన్నాము, మన కాలంలో చూశాము. అప్పుడు ఏ శాఖది తప్పు అన్న విషయం మీద ఎన్ని ఉత్తరాలు నడిచాయో గుమాస్తాగా నేను ఊహించుకోగలను.

మా ముత్తాత మదనపల్లె దగ్గర ఒక పల్లెలో నీరుగంటి. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. తూము తీయడం, మూయడం, మడికి మడికి వంతు ప్రకారం నీరు వదలడం అతని పని. రైతులు పంటలో ఇంతని గింజలిచ్చేవారు. మా నాయనమ్మ చెప్పేది: తూము దగ్గర రాతిమెట్లు తొమ్మిది ఉండేవట. కార్తీకానికి నీరు ఏడో మెట్టు మీద ఉంటే ఆయకట్టంతా వరి. నాలుగో మెట్టు మీద ఉంటే తూము దగ్గరి మళ్ళకు వరి, చివరివాళ్ళకు రాగి. రెండో మెట్టుకు దిగితే తూము మూసి, పశువులకు వదిలేయడం. ఊరి పెద్దరెడ్డి వచ్చి అడిగినా మెట్టు చూపించేవాడట. చదువు లేనివాడు, భూమి లేనివాడు, ఊళ్ళో అందరికంటే దూరంగా కాపురమున్నవాడు, ఆ రాతిమెట్టు ముందు మాత్రం ఎవరికీ తలవంచనక్కరలేకపోయింది. ఆ ముత్తాత కొడుకు గ్యాంగులో చేరి పట్టాల వెంబడే ఈ ఊరు వచ్చాడు. అలా మేము బెంగళూరువాళ్ళమయ్యాము.

రైల్వేలో ఆ మెట్ల వంటిది నాకు మళ్ళీ కనబడింది. వాగు మీద ఏ వంతెన స్తంభం చూసినా దాని మీద గీతలుంటాయి. ఇంతవరకు వచ్చిన అత్యధిక వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఒక గుర్తు, అపాయపు మట్టం మరొక గుర్తు. చిన్న మోరీకి సైతం నంబరుంటుంది, రిజిస్టరులో ఒక పేజీ ఉంటుంది. వానాకాలంలో రాత్రిపూట దీపం పట్టుకొని కాపలా మనిషి పట్టాల వెంట నడుస్తాడు. నీరు గీత దాటితే బండి ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్సు అయినా సరే, అందులో మంత్రిగారున్నా సరే. పట్టాల పక్కన వాలు తెలిపే చిన్న పలకలు కూడా చూసే ఉంటారు, నూరు అడుగులకు ఒక అడుగు వాలు అని, అలా. బండికి వాలు తెలియకపోతే ప్రమాదం. మరి సైట్లు అమ్మేవాళ్ళు ఇచ్చే రంగురంగుల కాగితాల్లో క్లబ్బు హౌసు ఉంటుంది, ఈత కొలను ఉంటుంది, ఎయిర్‌పోర్టు ఎన్ని నిమిషాలో ఉంటుంది. నేల ఏ పక్కకు వాలి ఉన్నదో ఏ కాగితంలోనైనా చూశారా?

నేను చూడలేదు. చూడకనే మోసపోయాము. మా నాన్న రిటైరయి, ప్రావిడెంటు ఫండు డబ్బుతో ఊరికి తూర్పున ఒక సైటు కొన్నారు. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు శుభ్రంగా ఉన్నది. ఖాతా ఉన్నది, పన్ను రసీదులున్నాయి. వకీలు చూసి బాగుందన్నాడు. ఇల్లు కట్టుకున్నాము, గృహప్రవేశానికి మీలో చాలామంది వచ్చి భోంచేశారు. నేను చెప్పిన ఆ సెప్టెంబరు రాత్రి రెండు గంటలప్పుడు మా చిన్నది లేచి, "నాన్నా, చెప్పులు తేలుతున్నాయి" అన్నది. తెల్లవారేసరికి మోకాలి పైదాకా వచ్చింది. మా నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి నేనూ పక్కింటి తమిళాయనా మేడమీదికి మోశాము. ముప్పై ఆరేళ్ళ సర్వీసు కాగితాలు, మా అమ్మ ఫోటో ఉన్న పెట్టె, ఆ నీళ్ళలోనే. వచ్చినది వాననీరు మాత్రమే అయితే ఇంత బాధ లేదు. కడిగినా నెలరోజులు వాసన పోలేదు.

మరుసటి నెలలో నేను చేసిన మొదటి పని, మా పాత గ్రామపటం సంపాదించడం. సర్వే నంబరు పట్టుకొని చూశాను. మా వంటింటి మీదుగా రెండు గీతలు పోతున్నాయి. రాజకాలువ! పై చెరువు నిండితే కోడి దాటి కింది చెరువుకు పోయే దారి. దాన్ని పూడ్చి, చదునుచేసి, రాళ్ళు పాతి, మాకు అమ్మారు. ఇంటికి ఖాతా మా నాన్న పేరున ఉన్నది. ఆ దారి ఖాతా అంతకు ముందు నాలుగువందల ఏళ్ళుగా నీటి పేరున ఉన్నది. నాలుగువందలు అన్నది నా కోపం కొద్దీ అన్నమాట, రికార్డు చూసి కాదు, క్షమించండి.

బెంగళూరు గుట్టమీది ఊరు. పెద్ద నది లేదు. హెబ్బాళ లోయ, కోరమంగల-చల్లఘట్ట లోయ, వృషభావతి లోయ అని మూడు వైపులకు నీరు దిగుతుంది. చెరువు కింద చెరువు, గొలుసులాగ కట్టారు. ఒక కడియం పూడ్చితే పైవాడికి ముంపు, కిందివాడికి ఎండ. కనుకనే కాలువకు ఎంత దూరంలో ఇల్లు కట్టవచ్చు అన్నది జీవన్మరణ సమస్య. దీని మీద పెద్ద వ్యాజ్యం నడిచింది. 2007లో ఆమోదించిన మాస్టరు ప్లానులో చెరువుకు 30 మీటర్లు, పెద్ద కాలువకు 50, మధ్యరకానికి 25, చిన్నదానికి 15 మీటర్లు అన్నారు. కాలువలకు ఆ కొలత కాలువ నడిమధ్య నుంచి. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునలు చెరువుకు 75 మీటర్లు, కాలువలకు 50, 35, 25 మీటర్లు, అదీ గట్టు అంచు నుంచి కొలవాలన్నది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది, ప్లానులోని కొలతే నిలిచింది. ఎవరిది న్యాయం అన్నది నా తాహతు కాదు. గుమాస్తాగా నా కంటికి ఆనినది ఒక్కటి. నడిమధ్య నుంచా, అంచు నుంచా? టేపు ఎక్కడ ఆనిస్తావన్న దానిలోనే ఒక ఇల్లు మునగడమా నిలవడమా తేలిపోతుంది.

మరొక సంగతి చెప్పకపోతే ఈ లెక్క సగమే అవుతుంది. మనం వాడి వదిలిన నీరు ఏమవుతున్నది? ఇంటికి వచ్చిన నీటిలో నూటికి ఎనభై పాళ్ళు మురుగుగా బయటికి పోతుందని ఇంజనీర్ల లెక్క. మన వ్యయం ఇంకొకడికి ఆదాయం. బెళ్ళందూరు, వర్తూరు దాటి ఆ నీరు దక్షిణ పినాకినిలో కలిసి హోసూరు వైపు పోతుంది. అక్కడ కెలవరపల్లి జలాశయంలో నురుగు తేలిందని చూశాము. హోసూరులో మనవాళ్ళు ఎంతమంది! వాళ్ళ పొలాలకు మన స్నానాల గది నీరు. ఇటు 2018 నుంచి, శుద్ధి చేసిన మురుగునీటిని గొట్టాల ద్వారా కోలారు జిల్లా చెరువులకు ఎక్కిస్తున్నారు. రోజుకు 440 మిలియన్ లీటర్ల పథకం. ఆ సంవత్సరమే ఒక చెరువులో నురుగు వచ్చి గొడవయింది, హైకోర్టు కొంతకాలం ఆపించి మళ్ళీ అనుమతించింది. మా మేనమామ శ్రీనివాసపురం దగ్గర ఉంటాడు. చెరువులో నీరు చూసి ఇరవై ఏళ్ళయిందట, ఇప్పుడు బావి ఊరింది, మామిడితోట బతికింది అంటాడు. అంతలోనే గొంతు తగ్గించి, "అయితే అల్లుడూ, తాగడానికి మాత్రం క్యాన్ నీళ్ళే కొంటున్నాము" అంటాడు. నేనైతే ఆ పథకం వద్దనను. ఎండిన చెరువు కంటే నిండిన చెరువు మేలే. కాని ఆ నీటిని ఇంకా ఒక మెట్టు శుద్ధి చేసి పంపవలసిన బాధ్యత పైన కూర్చున్న మనది. పరీక్ష ఫలితాలు ఆ ఊరి చావడి గోడమీద, మా మేనమామ చదవగలిగిన అక్షరాలలో రాయించాలి.

బాగైన చోట్లు లేవని కాదు. జక్కూరు చెరువు చూడండి. శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీరు ముందుగా తుంగ, జమ్ము పెరిగిన చిత్తడిలోంచి వడకట్టుకుని చెరువులో దిగుతుంది. సర్జాపుర రోడ్డు దగ్గర కైకొండ్రహళ్ళి చెరువును చుట్టుపక్కలవాళ్ళు పాలికెతో కలిసి నిలబెట్టుకున్నారు. అక్కడ పొద్దున నడకకు వచ్చేవాళ్ళు పక్షుల లెక్క రాస్తారు, నీరు రంగు మారితే వెంటనే ఫోను చేస్తారు. మళ్ళీ నీరుగంటులు పుట్టారన్నమాట. జీతం లేని నీరుగంటులు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అధ్యక్షులవారు కోప్పడరని నమ్మకం.

మన సంఘానికి సొంత భవనం కావాలని అందరి కోరిక. పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడానికి ఒక గది, పెళ్ళిళ్ళకు ఒక హాలు, ఊరినుంచి ఆసుపత్రి పనిమీద వచ్చే మనవాళ్ళు రెండురోజులు తలదాచుకోవడానికి ఒక చోటు. ఇళ్ళల్లో పనిచేసే అమ్మలు కూడా నెలకు వంద చొప్పున ఇచ్చారు. ఇప్పుడు కమిటీవారు ఒక స్థలం చూశారు. ధర తక్కువ, రోడ్డు దగ్గర. నేనూ వెళ్ళి చూసి వచ్చాను. ముందువైపు బాగున్నది. వెనుక ప్రహరీ ఎక్కి చూస్తే ఆరడుగుల వెడల్పు సిమెంటు కాలువ, దాని పక్క మూడు చింతచెట్లు, అవతల ఒక పాత రాతికట్టు. ఆరడుగుల కాలువకు అంత పెద్ద రాతికట్టు ఎవడూ కట్టడు. స్థలం చుట్టూ పాత ఇల్లు ఒక్కటి కూడా లేదు. ఊరి పాతవాళ్ళు ఎక్కడ ఇల్లు కట్టలేదో అక్కడ ఎందుకు కట్టలేదని అడగాలి. ఎదురుగా కొట్టు పెట్టుకున్న ముసలాయనను కన్నడంలో అడిగాను. ఆయన నవ్వి, "ఇది కోడి కింద నేల గదా సామీ" అన్నాడు.

ఆ స్థలం చెడ్డదని నేను తీర్మానం చెయ్యడం లేదు. ముసలాయన పొరబడవచ్చు, నేనూ మా ఇంటి భయంతో చూసి ఉండవచ్చు. కాని అడ్వాన్సు ఇచ్చే ముందు కొలిపిద్దాం. ఎన్‌కంబరెన్సు, ఖాతా చూసినంత మాత్రాన చాలదని మా ఇల్లే సాక్ష్యం. గ్రామపటం తెప్పించాలి. పహణీలో బి-ఖరాబు ఎంత ఉన్నదో చూడాలి, అంటే దారులకూ వాగులకూ వదిలిన సర్కారు నేల. కర్ణాటక సర్కారువారి దిశాంక్ అనే సాధనం ఫోనులోనే ఉన్నది, నిలబడిన చోటి సర్వే నంబరు చూపిస్తుంది, కాలువ గీతలు కూడా. మన కుర్రవాళ్ళు క్షణంలో తీయగలరు. లైసెన్సున్న సర్వేయరును పెట్టి కాలువ నడిమధ్య నుంచి కొలిపించాలి. తరువాత ప్లంబరు వాడే నీటిమట్టం గొట్టం, పారదర్శకంగా ఉండేది, అది చాలు, రోడ్డుకూ స్థలానికీ ఎంత పల్లమో తెలిసిపోతుంది. నా లెక్క ప్రకారం దీనికంతకూ అయ్యే ఖర్చు మన ఉగాది సభ షామియానా ఖర్చుకు మించదు.

కొలిచి బాగున్నదని తేలితే, భవనానికి మొదటి రాయి మోసేవాణ్ణి నేనే. అప్పుడు కూడా నాదొక షరతు. మిద్దెమీద వాన అంతా పట్టే తొట్టి ఒకటి, దానిలో అడుగడుగుకూ గీత గీసిన రాతి స్తంభం ఒకటి పెట్టించాలి. ప్రతి ఉగాదికీ శాస్త్రులుగారు కుంచాల లెక్క చదివిన తరువాత, కార్యదర్శిగారు లేచి నిరుడు ఆ తొట్టిలోకి ఎంత వచ్చిందో, ఎంత వాడామో, ట్యాంకరుకు ఎంత ఇచ్చామో చదవాలి. మన ఆదాయ వ్యయ పట్టికలో డబ్బు పద్దు పక్కనే నీటి పద్దు అచ్చు వేయాలి.

వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు నేను గ్రామపటం నకలు పట్టుకొని ఆ స్థలం దగ్గర ఉంటాను. టేపు నా దగ్గర వంద అడుగులది ఒకటి ఉన్నది, అవతలి కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. కమిటీవారు ముగ్గురైనా వస్తామని మాట ఇచ్చారు. మిగతావారూ రావచ్చు. చెప్పులు మాత్రం బురదలో నడవడానికి పనికివచ్చేవి వేసుకొని రండి.